కుడికంటి సంగతి

చిరంజీవి సౌభాగ్యవతి పెద్దమ్మాయికి, నిన్ను కన్న తల్లి దీవించి రాయునది. ఇక్కడ నేనూ మీ నాన్నా వేళకు లేస్తున్నాం, వేళకు తింటున్నాం. దాన్నే క్షేమం అంటారు కాబట్టి క్షేమంగానే ఉన్నాం. అక్కడ నువ్వూ అల్లుడుగారూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తున్నాను.

నీ ఉత్తరం అందింది. ఫోన్ ఎత్తడం లేదని నిష్ఠూరంగా రాశావు. ఫోన్ బాగానే ఉంది, నా చెవులూ బాగానే ఉన్నాయి. ఫోన్లో అయితే నువ్వు నా మాటను సగంలోనే అందుకుంటావు. ఆసుపత్రిలో రోగులతో మాట్లాడే గొంతు ఒకటి ఉంది చూడు నీకు, మెత్తగా, జోకొడుతున్నట్టు, ఆ గొంతు తెస్తావు. దాంతో నేను అడగాలనుకున్నది నా గొంతులోనే ఆగిపోతుంది. కాగితం మీద నన్ను ఆపేవాళ్లు ఉండరు. అందుకని కుట్టాల్సిన చొక్కాలు పక్కన పడేసి కూర్చున్నాను. నా రాత నీకు అలవాటే, కూడబలుక్కుని చదువుకో.

నువ్వు అడిగినవాటికి ముందు జవాబు చెబుతాను. మోకాలి నొప్పి ఉంది, పోలేదు. మిషను బాగుచేయించాం, బెల్టు మార్చారు. చొక్కాల కంపెనీవాళ్లు బొత్తాలకు కాజాలు కుట్టే పని నాకే ఇస్తున్నారు, ఇంకెవరికీ మార్చలేదు. చెల్లి బట్టలు ఎవరికైనా ఇచ్చేశావా అని అడిగావు. ఇవ్వలేదు. ఇచ్చేయమని నువ్వు మళ్లీ చెప్పొద్దు. వచ్చే నెల వచ్చి నన్ను నీ దగ్గరికి తీసుకెళ్లిపోతానని, సామాను సర్దుకోమని రాశావు. దానికి జవాబు చివర్లో రాస్తాను. మధ్యలోది చదవకుండా చివరికి పోవద్దు.

ఇక పిల్లికూన. ఎవరిదో రోగిష్టి కూనను ఒళ్లో పెట్టుకుని కూర్చున్నావట, నాన్న చెప్పాడు, నీకెందుకమ్మా ఈ శ్రమ అని రాశావు. మీ నాన్న నీకన్నీ చెబుతాడని నాకిప్పుడు తెలుసు. కానీ దీని సంగతి నా నోటితో విను. ఈ కూన మన ఇంటికి రాకపోయి ఉంటే నేను ఈ ఉత్తరం రాసేదాన్ని కాదు.

చిన్నది కిటికీ దగ్గర పాలు పెట్టే బూడిదరంగు పిల్లి గుర్తుందిగా. అది మెట్ల కింద, ఇస్త్రీ అతను బొగ్గుల బస్తాలు పెట్టుకునే మూలన పిల్లలు పెట్టింది. తర్వాత ఒక్కొక్కదాన్నీ నోట కరుచుకుని ఎక్కడికో మార్చేసింది. ఒకటి మాత్రం మిగిలిపోయింది. దానికి అరిచే ఓపిక కూడా లేదు, ఊరికే నోరు తెరుస్తోంది, మూస్తోంది. చేతిలోకి తీసుకుంటే దారపు ఉండంత బరువు లేదు. రెండు కళ్లూ పచ్చని పుసితో అంటుకుపోయి ఉన్నాయి, ఎవరో జిగురు పూసి మూసినట్టు. రెప్పల కింద ఉబ్బి ఉంది. ముక్కు కూడా మూసుకుపోయింది. రోగం పిల్ల కదమ్మా, తల్లే వదిలేసింది అన్నాడు ఇస్త్రీ అతను. నాకెందుకంత కోపం వచ్చిందో తెలియదు. వదిలేశానని అది నీతో చెప్పిందా అన్నాను. అది తిరిగొచ్చేసరికి నువ్వే బస్తా అడ్డం పడేసి ఉంటావు అన్నాను. పాపం, బస్తా పక్కకు జరిపాడు.

మొదట నేను చేసింది తప్పు పని. ఇంట్లో ఉండేవి చొక్కా గుడ్డ ముక్కలే కదా. తెల్లగా కొత్తగా ఉన్న ముక్క ఒకటి తీసి వేడినీళ్లలో ముంచి దాని కళ్లు తుడిచాను. కొత్త గుడ్డలో గంజి ఉంటుంది, తడిస్తే వదులుతుంది. ఇన్నేళ్లుగా ఆ గుడ్డల మధ్యనే కూర్చుని ఆ సంగతి నాకు తట్టలేదు. మర్నాటికి రెప్పలు ఇంకా బిగుసుకుని, చుట్టూ ఎర్రగా ఒరుసుకుపోయింది. మీ నాన్న చూసి, ఇది మనవల్ల అయ్యేది కాదు, పద అని పశువుల డాక్టరమ్మ దగ్గరికి తీసుకెళ్లాడు. రోజంతా బస్సు నడిపే మనిషి, కూనను చెప్పుల డబ్బాలో పెట్టి ఒళ్లో పట్టుకుని ఇంకొకరి బస్సులో కూర్చున్నాడు. దీనికి టిక్కెట్టు కొట్టమంటావా డ్రైవరన్నా అని కండక్టరు ఆటపట్టించాడు. ఆ రోజు మీ నాన్నను చూస్తే నాకు ముద్దొచ్చింది. అదీ రాస్తున్నాను, నేను ఏదీ దాచను.

డాక్టరమ్మ వయసులో నీకంటే కాస్త పెద్ద. ఇలా చేయమని చెప్పి వదిలేయకుండా నా ముందే చేసి చూపించింది. నీళ్లు కాచి, గోరువెచ్చగా చల్లార్చి, నూగు రాలని మెత్తని పాత గుడ్డ ముంచి కంటి మీద కాసేపు ఆనించి ఉంచాలి. పుసి దానంతటదే నానాలి, పీకకూడదు. నానాక ముక్కు పక్క మూల నుంచి బయటికి ఒక్కసారి తుడిచి ఆ ముక్క పారేయాలి. ఒక కంటికి వాడింది రెండో కంటికి తగలనివ్వకూడదు. తర్వాత కింది రెప్పను కొంచెం కిందికి లాగి లోపల మందు సన్నని గీతలాగా పెట్టాలి. మనుషులకు వాడే కంటిమందులు మాత్రం వేయొద్దంది. ముక్కు కూడా తుడుస్తుండమంది, వాసన తెలియకపోతే పాలు ముట్టదట. ఆ పాలు కూడా మనం తాగేవి కాదు, కూనల కోసం పాలపొడి వేరే ఉందట. దారపు నూగు ఎగిరే చోట పడుకోబెట్టొద్దంది. ఇవన్నీ నీకు చెప్పడం దేనికి, నర్సువి. అయినా రాస్తున్నాను, నాకు ఒక పని సరిగ్గా చెబితే నేను సరిగ్గా చేయగలనని నీకు తెలియాలి.

మెత్తని పాత గుడ్డ అంటే మన ఇంట్లో చిన్నదాని దిండు గలీబులే. దాని బట్టలు ఎవరికీ ఇవ్వడానికి చెయ్యి రాని నేను, ఆ గలీబులు కత్తెర పెట్టి ముక్కలు చేశాను. ఎడమ కంటికి తెల్లది, కుడి కంటికి నీలంది. కుడిపట్టీ ఎడమపట్టీ కలిసిపోకుండా చొక్కాలు కుట్టేదాన్ని, ఒక్క రోజు కూడా పొరపడలేదు.

ఎడమ కన్ను ముందు తెరుచుకుంది. రెప్ప సందులో నుంచి నీలం చుక్క ఒకటి నన్ను చూసింది. ఇస్త్రీ అతను వచ్చి చూసి దొరగారు అని పేరు పెట్టాడు. దొరగారు ముందు ఎవరి పని చూస్తారో, మీ కాజాలా నా ఇస్త్రీనా అన్నాడు. నీ ఇస్త్రీ చూస్తే తెరిచిన కన్ను మళ్లీ మూసేసుకుంటాడు అన్నాను. చిన్నది పోయాక నేను ఒకరిని ఎగతాళి చేయడం అదే మొదలు. లోపలి గదిలో మీ నాన్న నవ్వడం వినబడింది.

కుడి కన్ను మాత్రం దారికి రాలేదు. రెప్ప విడింది గానీ లోపల పాలు విరిగినట్టు తెల్లగా, ఉబ్బెత్తుగా ఉంది. ఎంత తుడిచినా పుసి కారుతూనే ఉంది. డాక్టరమ్మ కూనను చూడటం అయ్యాక ప్రతిసారీ, నువ్వు కూనను పట్టుకుని బయట బల్ల మీద కూర్చో, నేను మందులు రాయించుకొస్తాను అనేవాడు మీ నాన్న. బయటికొచ్చి, తగ్గుతుందట, కాస్త టైము పడుతుందట అనేవాడు. నేను నమ్మాను. నమ్మినదాన్ని కాబట్టి, తగ్గకపోతే లోపం నాదే అనుకున్నాను. ఆ గంజి గుడ్డే దాని కన్ను తినేసిందనుకున్నాను. నీళ్లు సరిగ్గా కాగలేదేమో అనుకున్నాను. నా గోరు తగిలిందేమోనని గోళ్లు మొదలంటా కత్తిరించుకున్నాను. చేతులకు నూగు అంటుకుంటుందని కుట్టు పని కూడా తగ్గించుకున్నాను. అది ఒళ్లో పడుకుని గురగుర అంటుంటే, నిన్ను పట్టిన చెయ్యి మంచిది కాదే అని దానికి చెప్పుకునేదాన్ని.

ఆమధ్య మీ నాన్నకు డ్యూటీ మార్చారు. నేనొక్కదాన్నే వెళ్లాను. డాక్టరమ్మ దాన్ని బల్ల మీద పెట్టి బరువు చూసి, బాగా పెరిగింది, ఇక కన్ను తీసేయడానికి రోజు చూసుకుందాం అంది. ఎవరి కన్ను అన్నాను. నిజంగా అలాగే అడిగాను.

ఆవిడ చేతులు ఆగిపోయాయి. "మీవారు చెప్పలేదా అమ్మా?"

"ఏమని చెప్పాలి?"

"మీరు తెచ్చేసరికే ఆ కన్ను లోపల చితికిపోయింది. చూపు రాదు. పెద్దదయ్యాక తీసేయాలని మొదటి రోజే మీవారికి చెప్పాను. మీకీమధ్యే పిల్ల పోయిందట కదా. మా ఆవిడ తట్టుకోలేదు, తగ్గుతుందనే చెప్పండి అని ఆయన బతిమాలారు. నేను ఒప్పుకోకుండా ఉండాల్సింది."

గంజి గుడ్డ సంగతి అడిగాను. దానివల్ల చర్మం మండి ఉంటుంది, కన్ను పోయింది మాత్రం దానివల్ల కాదంది. మీరు తుడవబట్టే రెండో కన్నన్నా దక్కింది, లేకపోతే దానికి పూర్తిగా చీకటే అంది.

నాకు ఏడుపు రాలేదు. ఆ బల్ల పక్కన స్టూలు మీద కూర్చుంటే ఒళ్లు తేలికైంది. కన్ను పోయిందని తెలిశాక నాకు ఊపిరాడింది పెద్దమ్మాయీ. నేను తట్టుకోలేనని అందరూ అనుకున్న మాటే నా నెత్తి మీద బరువు దించింది. దాచిపెట్టిన మాట మాత్రం అన్నాళ్లూ నన్ను లోపల కొరుకుతూనే ఉంది.

మీ నాన్న డ్యూటీ దిగి వచ్చి కాళ్లు కడుక్కుంటుంటే అడిగాను. నీళ్లు కారుతున్న కాళ్లతో అలాగే నిలబడ్డాడు. నీ మంచికే దాచాను అన్నాడు. పిల్లి కన్ను గురించి కూడా అబద్ధం చెప్పాలా, నేనేమన్నా చంటిపిల్లనా అన్నాను. అప్పుడు అన్నాడు. కోపంతో అనలేదు, బాగా అలసిపోయి అన్నాడు.

"చిన్నదాని విషయం ముందే తెలిసుంటే నువ్వు బతికేదానివా? తెలియకుండా ఉంచాం కాబట్టే అన్నాళ్లన్నా నవ్వుతూ తిరిగావు."

అని, తువ్వాలు మొహానికి అడ్డం పెట్టుకున్నాడు.

నేను వదల్లేదు. ఒక్కొక్కటే అడిగాను, ఒక్కొక్కటే చెప్పాడు. చిన్నదానికి రక్తం తక్కువగా ఉంది, టానిక్కు తాగి బాగా తింటే చాలని నాకు చెప్పిన రోజున డాక్టర్లు చెప్పింది వేరేనట, అది బాగయ్యే జబ్బు కాదని. ఆ సంగతి నాన్నకు విడమరిచి చెప్పింది నువ్వేనట. అమ్మకు తెలిస్తే ముందు అమ్మే పోతుంది, అమ్మకు మాత్రం చెప్పొద్దు అన్నావట. ఇంట్లో నాలుగు కంచాలు పెట్టుకుని ఏళ్లకేళ్లు కలిసి తిన్నాం. ముగ్గురికి తెలిసిన మాట నాకొక్కదానికే తెలియదు. ముగ్గురా ఇద్దరా అన్నదే నాకింకా తేలలేదు, దానికి తర్వాత వస్తాను.

బాగా పెట్టమ్మా, నీ చేతి తిండితోనే అది తేరుకుంటుంది అని నువ్వు ఫోన్లో చెప్పేదానివి. గుర్తుందా? నేను పెట్టాను. గుడ్లు పెట్టాను, పళ్లు పెట్టాను, ముద్దలు కలిపి నోట్లో పెట్టాను. అది చిక్కిపోతూనే ఉంటే, నా వంటలోనే సారం లేదేమో అనుకున్నాను. అది కంచం పక్కకు నెడితే ఉప్పు తక్కువైందా, నూనె ఎక్కువైందా అని రుచి చూసుకునేదాన్ని. మీకేమో తెలుసు, ఏం పెట్టినా ఒకటేనని. తెలిసి నా చేత వండించారు. పిల్లి విషయంలో మీ నాన్న చేసింది అదే. నువ్వు నేర్పింది ఆయన బాగా నేర్చుకున్నాడు.

చిన్నదాన్ని నీ దగ్గరికి పంపిన రోజు సంగతి చెబుతాను. గాలి మార్పు కావాలి, కొన్నాళ్లు అక్క దగ్గర ఉండొస్తుంది అన్నారు. కంపెనీ వాళ్లకు ఆ సాయంత్రానికి చొక్కాలు ఇవ్వాలి. నేను మిషను దగ్గర కూర్చుని ఉన్నాను. అది గుమ్మంలో నిలబడి వెళ్లొస్తానమ్మా అంది. నా పళ్ల మధ్య దారం ఉంది, తెంపుతున్నాను. మాట రాక తల ఊపాను. అది వెంటనే కదల్లేదు. ఇంకోసారి వెళ్లొస్తానమ్మా అంది. నేను మళ్లీ తలే ఊపాను, చేత్తో వెళ్లు వెళ్లు అన్నాను, బస్సు తప్పిపోతుందని. మీ నాన్న దాని సంచీ పట్టుకుని వెనక నిలబడి ఉన్నాడు. ఆయనకు తెలుసు. అక్కడ నువ్వు పక్క సిద్ధం చేసి ఎదురుచూస్తున్నావు, నీకూ తెలుసు. ఆ గుమ్మంలో ఏం జరుగుతోందో తెలియనిది నాకొక్కదానికే. లేచొచ్చి దాన్ని పట్టుకోమని నాకు ఎవరూ చెప్పలేదు. చొక్కాలు గంగలో పోతే పోయేవి. దాని వెంట బస్సెక్కేదాన్ని. నీ ఇంట్లో వంటగది మూల పడుకునేదాన్ని. అది నిద్రపోతుంటే చూస్తూ కూర్చునేదాన్ని. ఏడ్చేదాన్నే, ఎందుకు ఏడవను? ఏడవడం అంటే చచ్చిపోవడం కాదు కదా.

కబురందుకుని నేను నీ దగ్గరికి వచ్చేసరికి దాని కళ్లు మూసి ఉన్నాయి. నువ్వు నన్ను పట్టుకుని, ఉన్నట్టుండి అయిపోయిందమ్మా, ఎవ్వరం అనుకోలేదు అన్నావు. ఆ మాటను నేను ఇన్నాళ్లు గుండెకు హత్తుకుని పడుకున్నాను. పోనీలే, పిల్ల ఎక్కువ బాధపడలేదు, ఎవరికీ తెలియదు, ఎవరి తప్పూ లేదు అనుకున్నాను. నాకు మిగిలింది ఆ ఒక్క మాటే. అదీ నువ్వు కుట్టి ఇచ్చినదే.

ఇప్పుడు ఒక సంగతి ఒప్పుకుంటాను. ఇంతదాకా వాయిదా వేస్తూ వచ్చాను. మీ నాన్న ఆ మాట చెప్పాక నేను నిన్ను శపించాను. పైకి కాదు, మనసులో. నీ కడుపున పుట్టినవాళ్లు కూడా నీకిలాగే చేయాలి అనుకున్నాను. గంటె పట్టుకుని పొయ్యి ముందు నిలబడి అనుకున్నాను. కన్నతల్లి అనుకోకూడని మాట అది. ఆ మాట వెనక్కి తీసుకున్నాను, నీకు తగలకూడదని దండం పెట్టుకున్నాను. కోపం మాత్రం వెనక్కి తీసుకోలేదు. అది ఉంది. పొద్దున లేవగానే నాకంటే ముందే లేచి కూర్చుంటోంది.

కూనకు కన్ను తీసేసే రోజు మీ నాన్న తోడు వస్తానంటే వద్దన్నాను. బయట కూర్చోమ్మా అని అక్కడి అటెండరు అంటే, కూర్చోను అన్నాను. డాక్టరమ్మ నా మొహం చూసి ఉండనివ్వమంది. మత్తు సూది వేశాక అది నా అరచేతిలో తల పెట్టింది. ఏమవుతుందో ఆవిడ ముందే చెప్పింది, ఇప్పుడు నాలుక బయటికొస్తుంది, భయపడకండి, ఊపిరి నెమ్మదిస్తుంది, అది మామూలే అని. అన్నీ అలాగే అయ్యాయి. నేను పడిపోలేదు. దాని ఎడమ కన్ను మూతపడేదాకా దానితో మాట్లాడుతూనే ఉన్నాను. ఏం మాట్లాడానో, ఎవరితో మాట్లాడాననుకున్నానో నీకు చెప్పను, అది నాకూ దానికీ మధ్య. మెలకువ వచ్చేదాకా కూడా అక్కడే ఉన్నాను.

కుట్లు మానిపోయాయి. కుడివైపు మిషను కాలికి గుద్దుకుంటోంది, తర్వాత మెడ పూర్తిగా తిప్పి చూసుకుని పక్క నుంచి పోతోంది. ఎడమ కన్ను అద్దంలా ఉంది, పుసి లేదు. ఇస్త్రీ అతని పెట్టె మీదికి ఎక్కబోయి తిట్లు కూడా తింటోంది.

ఇక నీ ఉత్తరానికి జవాబు. నేను సామాను సర్దుకోలేదు. నువ్వు వచ్చే నెల రావొద్దు. ముందు నాకు ఒక ఉత్తరం రాయాలి. చిన్నదానికి తెలుసా? తెలిసే ఆ గుమ్మంలో అలా నిలబడిందా? నీ దగ్గర ఉన్న రోజుల్లో నన్ను పిలవమని అడిగిందా? అడిగితే ఏమని చెప్పి దాన్ని ఊరుకోబెట్టావు? మీ నాన్నను అడిగాను. చివర్లో గదిలో ఉన్నది పెద్దదే, నాకు తెలియదు అన్నాడు. ఆ మాటైనా నమ్మాలో వద్దో నాకు తెలియడం లేదు. ఇప్పుడాయన భోంచేశానన్నా నేను గిన్నె మూత తీసి చూస్తున్నాను.

అడిగిందని తెలిస్తే అమ్మ చచ్చిపోతుందని, అడగలేదని రాయకు. అడగలేదని తెలిస్తే అమ్మ బాధపడుతుందని, అడిగిందని రాయకు. ఏది జరిగితే అది రాయి. ఎంత తట్టుకోగలనో నాకు తూకం వేసి పెట్టకు, అది నేను చూసుకుంటాను. ఫోన్ చేయొద్దు, నాన్న చేత చెప్పించొద్దు. నీ చేత్తోనే రాయి. అది చదివాక నిన్ను క్షమిస్తానని కూడా నేను మాట ఇవ్వడం లేదు, ఎందుకంటే నాకే తెలియదు. కానీ అది రాకపోతే నీకు అమ్మ ఉండీ లేనట్టే.

నువ్వు మొదటి ఉద్యోగంలో చేరిన నాటి నుంచి నీ మాటంటే ఈ ఇంట్లో తిరుగు లేదు. నర్సమ్మ చెప్పిందంటే అంతే అనుకున్నాం. చిన్నది కూడా అంతే అనుకుని ఉంటుంది. అందుకే అడుగుతున్నాను.

ఇట్లు,
నీకూ చిన్నదానికీ అమ్మ